సువార్త శిక్షణకి వెళ్ళొచ్చాను: పొద్దున సెషన్‌కి 2 స్టార్లు, వల తెచ్చిన తాతకి 5

వైజాగ్‌లో ఒక చర్చి వాళ్ళు "మనుషుల్ని పట్టే జాలరులు" అని (చేపలు పట్టుకునే శిష్యుల్ని పిలుస్తూ యేసు అన్న మాట అది) వన్ డే సువార్త శిక్షణ పెడితే వెళ్ళాను, ఫీజు 300, భోజనం, ఫైలు, కరపత్రాలు అన్నీ అందులోనే. చర్చి పేరు రాయట్లేదు, తిట్టాల్సింది కూడా ఉంది కాబట్టి. మొత్తానికి 5కి 3 ఇస్తా, అదీ మధ్యాహ్నం సెషన్ పుణ్యమా అని.

పొద్దున చెప్పిన బ్రదర్ మాటకారే, కాదనను, కానీ స్లైడ్ మార్చినప్పుడల్లా గేలం, ఎర, మళ్ళీ గేలం, మళ్ళీ ఎర. ఎవరికి ఏ ఎర వెయ్యాలో పట్టిక కూడా వేశాడు, స్టూడెంట్స్‌కి ఫ్రీ ట్యూషన్ అంట, ముసలోళ్ళకి మెడికల్ క్యాంప్ అంట, బైబిల్ వాక్యం తర్వాత మెల్లిగా చెప్పొచ్చంట. నాకు అక్కడే చిరాకేసింది. వైద్యం చేస్తే చెయ్యండి, చాలా మంచిది, లోపల గేలం దాచిపెట్టి చెయ్యడమేంటండీ? పైగా బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు సువార్త పుస్తకాల్లో గేలం కనపడేదే ఒక్కచోట, మత్తయి 17లో, అది కూడా శిష్యుడు పేతురు ఒక చేపని పట్టి దాని నోట్లో నాణెం తీసి గుడి పన్ను కట్టడానికి. మిగతా అంతా వలలే కదా, పేతురు అంద్రెయ వల వేస్తుంటే యేసు పిలిచాడు, యాకోబు యోహానుల్ని అయితే నాన్నతో పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటే పిలిచాడు, లూకా 5లో వలలు పిగిలిపోయేంత పడితే పక్క పడవ వాళ్ళని సైగ చేసి పిలుచుకున్నారు. ఒక్కడు గట్టు మీద కూర్చుని పట్టే వేట కాదది.

వెనక వరసలో ఒకావిడ లేచి "అన్నా, పట్టాక చేప చచ్చిపోతాది కదా, మరి మనిషి సంగతేటి?" అని అడిగింది. బ్రదర్ నవ్వేసి నెక్స్ట్ స్లైడ్‌కి వెళ్ళిపోయాడు. రోజు మొత్తంలో అంత మంచి ప్రశ్న ఇంకోటి రాలేదు. ఆఖర్న చీటీల కంపెనీ ఏజెంట్లకి ఇచ్చినట్టు నెలకి ఇద్దరు అని టార్గెట్ కార్డు చేతిలో పెట్టారు, నేను ఖాళీగానే ఇచ్చేశా.

భోజనం చికెన్ పలావ్, బానే ఉంది. హార్బర్ ఇంత దగ్గర పెట్టుకుని జాలరుల శిక్షణలో చేపల పులుసు లేకపోవడం మాత్రం అన్యాయం.

మధ్యాహ్నం పెదజాలారిపేట నుంచి ఒక తాతని పిలిచారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అందుకే ఖాళీగా దొరికాడు. మైకు వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు, నేల మీద కూర్చుని చిరిగిన వల ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకున్నాడు. ముందు చిరుగు చుట్టూ పాడైన దారం కోసేసి, తర్వాత సూదితో ఒక్కో కన్నూ (వల గడి) ముడేస్తూ వచ్చాడు, కన్ను సైజుకి వేలే కొలత. యూత్‌లో ఒకరిద్దరు ట్రై చేస్తే కన్ను పెద్దదైపోయింది, తాత ఏమీ అనకుండా కోసేసి మళ్ళీ వేశాడు. "సిరిగిన వలేసుకుని ఎల్తే ఏటొస్తాది బాబూ, నీళ్ళొస్తాయి" అన్నాడు. అలివి వల గురించి కూడా చెప్పాడు, ఒడ్డున రెండు వైపులా జనం కలిసి లాగాలంట, ఒక పక్కోళ్ళు తొందరపడితే కుదరదంట. పడినవి ఏరుకోవడం ఒడ్డుకొచ్చాకే అన్నాడు. మత్తయి 13లో వల ఉపమానం కూడా అదే కదా, అన్ని రకాలూ పడతాయి, ఏరడం చివర్లో దేవదూతల పని. మరి పొద్దున మనుషుల్ని రకాలుగా విడగొట్టిన ఆ పట్టిక ఎందుకో బ్రదర్‌కే తెలియాలి.

ఇంకో లోటు. వైజాగ్‌లో సువార్త గురించి రోజంతా మాట్లాడి జార్జ్ క్రాన్, డెగ్రాంజస్ పేర్లు ఎత్తలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఈ ఊరొచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చెయ్యడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజస్ 1810లో పోయారు, మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి, అంటే ఇద్దరూ ఆ పుస్తకం చూడనే లేదు. నెలకి ఇద్దరు లెక్కన చూస్తే వాళ్ళు ఫెయిలే మరి.

నెక్స్ట్ బ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళు ముందు ఫోన్ చేసి తాత వస్తున్నాడో లేదో కనుక్కోండి. వస్తుంటే భోజనం టైంకి వెళ్ళినా చాలు. నిషేధం అయిపోయాక పెడితే ఆయన వేటకి వెళ్ళిపోతాడు, అప్పుడు 300 దండగ.