రామంతాపూర్‌లో అమ్మాయిల వాలీబాల్ కోచింగ్: మా మేడమ్ గురించి

అమ్మాయికి వాలీబాల్ నేర్పించాలంటే కళ్ళు మూసుకుని ఇక్కడికే పంపండి. మేడమ్ జీవితమంతా ఆటలకే ఇచ్చేశారు, పొద్దున గ్రౌండ్, సాయంత్రం తెలుగు పేపర్‌కి లోకల్ మ్యాచ్‌ల వార్తలు, ఎల్బీ స్టేడియంలో స్కూల్ మ్యాచ్ అయినా సరే స్కోరూ ఆడిన పిల్లల పేర్లూ తప్పుల్లేకుండా రాసి పంపేవారంట, పేజీలో క్రికెట్‌కే చోటు చాలని రోజుల్లో ఆడపిల్లల పేర్లు పేపర్లో రావడమంటే మాటలా! ఆ కటింగులన్నీ ఫైల్లో ఉన్నాయి, అడిగితే చూపిస్తారు.

కోచింగ్ సంగతికొస్తే నెట్ ఎత్తు దగ్గర అస్సలు రాజీ లేదు, పెద్దమ్మాయిలకి 2.24 మీటర్లే, కర్రతో కొలిచాకే సర్వీసు. మా పాప అండర్‌హ్యాండ్ పాస్‌కి మోచేతులు వంచేసేది, మేడమ్ పక్కనే నిలబడి చేతులు తిన్నగా పట్టించి, బంతి మణికట్టుకి కాస్త పైన తగిలేలా మళ్ళీ మళ్ళీ చేయించారు, ఇప్పుడు చేతులు ఎర్రగా కందినా మానట్లేదు. ఆదివారం మ్యాచ్ అయ్యాక రిపోర్ట్ పిల్లలే రాయాలి, 25 పాయింట్ల సెట్ ఎక్కడ మలుపు తిరిగిందో రాయకపోతే కాగితం వెనక్కిచ్చేస్తారు, నాకైతే ఇదే బాగా నచ్చింది. లైట్లు లేవు, వానొస్తే అంతా బురద, ఇంత చేసిన మనిషికి ఆ మాత్రం గ్రౌండ్ ఇవ్వాలి కదండీ. ఫీజు కట్టలేమంటే ఊరికే నేర్పిస్తారు, షూస్ మాత్రం తప్పనిసరి.