బయోస్ అప్‌డేట్ తర్వాత క్రాష్‌లు: పాత వెర్షన్‌కు వెళ్లడం మేలా, కొత్తదాంట్లోనే సరిచేసుకోవడం మేలా?

ఈ వేసవిలో ఒకే ప్రశ్న నా దగ్గరకు నాలుగుసార్లు వచ్చింది. మదర్‌బోర్డ్ బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచి పరికరాలను సిద్ధం చేసే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేశాం, అప్పటిదాకా నిక్షేపంగా నడిచిన కంప్యూటర్ ఆ రోజు నుంచి ఉన్నట్టుండి ఆగిపోతోంది, నీలి తెర చూపిస్తోంది, ఇప్పుడు పాత బయోస్ మళ్లీ వేసేయాలా, లేక కొత్తదాన్నే ఉంచి సెట్టింగ్‌లు సరిచూసుకోవాలా అని. నాలుగోసారి అడిగినవాడు మా మేనల్లుడు. పోయిన ఏడాది ఇదే ఇరకాటంలో నేనూ పడ్డాను కాబట్టి నా సమాధానం కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను మొదట ఎంచుకున్నది వెనక్కి వెళ్లడమే. మూడేళ్లుగా వాడుతున్న డిడిఆర్4 (డిడిఆర్5కు ముందు తరం ర్యామ్) కంప్యూటర్ నాది. మొదట కొన్న రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్‌లకు తర్వాత మరో రెండు కలిపాను. నాలుగూ ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగ్) మీద 3600 వేగంతో నడిచేవి. బయోస్ మార్చిన మర్నాడు బ్రౌజర్ తెరిచి ఏదో చదువుకుంటుండగా నీలి తెర వచ్చింది. దాని మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని ఉంది. సాయంత్రం పడినప్పుడు ఇంకో పేరు, మూడో రోజు మరొకటి. విసిగిపోయి పాత వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెనక్కి వెళ్లాను. పది రోజులు ఏ ఇబ్బందీ లేదు. పదకొండో రోజు ఒక పెద్ద జిప్ ఫైలు విప్పబోతే పాడైపోయిందని చెప్పింది. వెంటనే మళ్లీ ప్రయత్నిస్తే అదే ఫైలు చక్కగా విప్పుకుంది. ఒకే ఫైలు ఒకసారి చెడినట్టూ మరోసారి బాగున్నట్టూ కనిపిస్తే ముందు చూడాల్సింది ర్యామ్‌నే. ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి రెండో పాస్‌లో, అంటే రెండో విడత పరీక్షలో, తప్పులు నమోదై ఉన్నాయి. పాత బయోస్ జబ్బును నయం చేయలేదు, పైకి కనబడకుండా కప్పిపెట్టింది, అంతే. ఆ పది రోజుల్లో నేను సేవ్ చేసుకున్న ఫైళ్లలో ఎన్ని లోపల చెడి ఉంటాయోనన్న దిగులు ఇప్పటికీ ఉంది.

అందుకే ఈ రెండు దారుల్లో ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ర్యామ్ వేగమే. ఎక్స్‌ఎంపీ అయినా, ఏఎండీ బోర్డుల్లో కనిపించే ఎక్స్‌పో అయినా ఓవర్‌క్లాకింగే, అంటే అధికారిక వేగాన్ని మించి నడపడమే. డబ్బా మీద 3600 అనో 6000 అనో రాసి ఉన్నంత మాత్రాన ప్రాసెసర్ కంపెనీ ఆ వేగానికి పూచీ పడినట్టు కాదు. ఉదాహరణకు రైజెన్ 5000 వరుసకు ఏఎండీ అధికారికంగా చెప్పిన గరిష్ఠ వేగం 3200. స్టిక్‌లు రెండు కాకుండా నాలుగైతే, ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ మీద బరువు ఇంకా పెరుగుతుంది. పైగా ప్రొఫైల్‌లో రాసి ఉండేవి వేగం, వోల్టేజీ, ప్రధానమైన టైమింగ్‌ల (ర్యామ్ స్పందనకు పట్టే విరామాల) వంటివి. మనం ఆటోలో వదిలేసే మిగతా చిన్నచిన్న విలువలను బయోస్ తనకు తానే నిర్ణయించుకుంటుంది. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య సంకేతాలు ఏ క్షణంలో అందుకోవాలో కొలిచి చూసుకునే మెమరీ ట్రెయినింగ్ కూడా బయోస్ చేసే పనే. వెర్షన్ మారితే ఆ లెక్కలు మారవచ్చు. వెసులుబాటు ఉన్న ర్యామ్‌కు ఆ తేడా తెలియనే తెలియదు. గట్టు అంచున నడుస్తున్న ర్యామ్ మాత్రం జారిపడుతుంది, మనకేమో కొత్త బయోస్ తోసేసినట్టు కనిపిస్తుంది.

కాబట్టి మొదట బయోస్‌లోకి వెళ్లి డిఫాల్ట్ సెట్టింగ్‌లు లోడ్ చేసి, ఎక్స్‌ఎంపీ ఆపి, రెండు మూడు రోజులు మామూలుగా వాడి చూడండి. డిడిఆర్4 అయితే స్టిక్‌ను బట్టి 2133, 2400 లాంటి వేగానికి దిగుతుంది, డిడిఆర్5 సాధారణంగా 4800కు. కంప్యూటర్ మందగించినట్టు అనిపించినా ఓపిక పట్టండి. క్రాష్‌లు ఆగిపోతే దోషి దొరికినట్టే, ఇక వెనక్కి వెళ్లాల్సిన అవసరం లేదు. ప్రొఫైల్ పెట్టి వేగాన్ని ఒక మెట్టు తగ్గిస్తే సరిపోతుంది. నేను కొత్త బయోస్ మళ్లీ వేసి, నాలుగు స్టిక్‌లనూ 3200 దగ్గర ఆపి, మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు పూర్తిగా నడిపాను. ఒక్క తప్పూ రాలేదు, అప్పటి నుంచి నీలి తెర చూడలేదు.

మేనల్లుడి యంత్రం డిడిఆర్5. వాడు ఎక్స్‌పో ఆపినా క్రాష్‌లు తగ్గలేదు. అదీ ఆట ఆడేటప్పుడు కాదు, ఊరికే ఉన్నప్పుడు.

“అప్‌డేట్ అవగానే ఏం చేశావు?” అని అడిగాను.

“అన్నీ మళ్లీ పెట్టుకోవడం ఎందుకని, ఇంతకుముందు సేవ్ చేసుకున్న బయోస్ సెట్టింగ్‌ల ప్రొఫైల్ లోడ్ చేశాను మావయ్యా.”

చిక్కు అక్కడే ఉంది. ఎండాకాలం వేడి తగ్గించడానికి వాడు ప్రాసెసర్ వోల్టేజీని మైనస్‌లో పెట్టుకున్నాడు. ఆ మైనస్ అనేది బోర్డు ఇచ్చే మూల వోల్టేజీ నుంచి తీసివేత. కొత్త బయోస్‌లో మూలం కాస్త మారినా, నిన్నటిదాకా సరిపోయిన తీసివేత ఈరోజు ఎక్కువైపోతుంది. పని లేనప్పుడు వోల్టేజీ మరీ కిందికి దిగుతుంది కాబట్టి పడిపోవడమూ అప్పుడే. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రొఫైల్‌ను కొత్త వెర్షన్‌లో లోడ్ చేయవద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. చేత్తో ఒక్కొక్కటీ పెట్టుకోవాలి, అదీ రెండు రోజులు డిఫాల్ట్‌లో నడిచాక.

వీడియో కాల్‌లో సీమాస్ (బయోస్ సెట్టింగ్‌లు నిల్వ ఉండే చోటు) తుడిపించాను. పవర్ సప్లై వెనక ఉన్న స్విచ్ ఆపి, తీగ పీకి, ముందున్న పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగింది. లోపల మిగిలిన కరెంటు అలా ఖర్చయిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు కింద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032. దాన్ని గోటితో పక్కకు నొక్కి తీసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాడు. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ తెర నల్లగానే ఉంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న ఎల్‌ఈడీ వెలిగి ఆరడం లేదు.

“మావయ్యా, బోర్డు పోయిందేమో!”

“చెయ్యి తియ్యి. పది నిమిషాలు దాన్ని ముట్టుకోకు.”

డిడిఆర్5 ర్యామ్‌కు ట్రెయినింగ్ మొదటి నుంచి జరిగితే నిమిషాలు పడుతుంది. చాలామంది ఈ నల్ల తెర చూసి కంగారుపడి బటన్ నొక్కి ఆపేస్తారు, ట్రెయినింగ్ మళ్లీ మొదటికొస్తుంది, చివరికి బోర్డు చనిపోయిందని తేల్చేస్తారు. వాడు చెయ్యి తీశాడు. నాలుగో నిమిషం దాటాక ఎల్‌ఈడీ ఆరి లోగో వచ్చింది.

పాత వెర్షన్‌కు వెళ్లడం మీద నాకున్న అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఆ అప్‌డేట్ ఎందుకు వచ్చిందో చూడకుండా దాన్ని తీసేయడం కొన్ని యంత్రాలకు నిజంగా హాని చేస్తుంది. ఇంటెల్ 13, 14 తరాల కొన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్ మెల్లగా దెబ్బతింటున్నదని తేలాక, 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరును సరిదిద్దే కోడ్), సెప్టెంబరులో 0ఎక్స్12బి వచ్చాయి. మొదటిది 1.55 వోల్టులకు మించి అడగకుండా కట్టడి చేసింది. ఇవి మన దగ్గరకు చేరింది బయోస్ అప్‌డేట్ రూపంలోనే. ఇలాంటి ప్రాసెసర్ ఉన్న యంత్రంలో 2024 మధ్యనాటి బయోస్‌కు వెళితే ఆ కట్టడి ఎత్తేసినట్టే. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కాలిపోయిన ఉదంతం తర్వాత కూడా ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు అందేదాన్ని) 1.3 వోల్టులకు పరిమితం చేసింది కొత్త బయోస్‌లే. అదే ఏడాది చివర బయటపడిన లోగోఫెయిల్ లాంటి భద్రతా లోపాలకు మందు వచ్చిందీ ఈ దారినే. బోర్డు తయారీదారు సైట్‌లో ప్రతి వెర్షన్ కింద రెండు మూడు పంక్తుల వివరణ ఉంటుంది. అది చదవకుండా వెనక్కి వెళ్లవద్దు.

అలాగని వెనక్కి వెళ్లడం ఎప్పుడూ తప్పని అనను. డిఫాల్ట్ సెట్టింగ్‌లు, ఎక్స్‌ఎంపీ ఆపిన మూల వేగంలో ర్యామ్, మెమ్‌టెస్ట్‌లో తప్పులు లేవు, అయినా స్లీప్ నుంచి లేవడం లేదు, లేదా యూఎస్‌బీ పరికరాలు ఊడిపోతున్నాయి, అప్‌డేట్‌కు ముందు ఇవేవీ లేవు అంటే బయోస్‌లోనే లోపం ఉండవచ్చు. వివరణలో వోల్టేజీ, భద్రత ప్రస్తావన లేకపోతే నిశ్చింతగా వెనక్కి వెళ్లండి, తర్వాతి వెర్షన్ వచ్చేదాకా అక్కడే ఉండండి. కొన్ని వెర్షన్లు దాటాక వెనక్కి దారి ఉండదని సైట్‌లోనే రాస్తారు, అది ముందే చూసుకోవాలి. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బయోస్ ఎక్కించేది) ఉంటే పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి దాని ద్వారానే వేయడం మంచిది. వెనక్కి వెళ్లడమంటే మరోసారి ఫ్లాష్ చేయడమేనని, అంటే బయోస్‌ను చిప్‌లో తిరిగి రాయడమేనని గుర్తుంచుకోండి, ప్రమాదమూ అంతే. గాలివానకు కరెంటు పోయి వచ్చే సాయంత్రాల్లో యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. ముందుకైనా వెనక్కైనా ఫ్లాష్ చేసేముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఆ తాళం రహస్యాన్ని దాచే టీపీఎం రీసెట్ అయితే విండోస్ ఆ కీ అడుగుతుంది. అది దొరకకపోతే డిస్కులోని ఫొటోలు, పత్రాలు అన్నీ పోయినట్టే.

విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మూడో దారి. దానికి ముందు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూడండి, అక్కడా పడిపోతే విండోస్‌కు సంబంధం లేదు. కంప్యూటర్ అసలు విండోస్‌లోకే వెళ్లకుండా ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటుంటే, అప్‌డేట్‌తో స్టోరేజ్ సెట్టింగ్ మారిందేమో చూడండి. బయోస్‌లో డిస్కుల పద్ధతిని నిర్ణయించే వీఎండీ లేదా రెయిడ్‌ను ముందున్నట్టు పెడితే చాలు. ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నల్-పవర్ 41’ చూసి పవర్ సప్లై కొనేయకండి, యంత్రం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది. బీటా బయోస్‌ల జోలికి నేను వెళ్లను.

ఒక్కరికి మాత్రం పై రెండు దారులూ చెప్పను. ఇంటెల్ 13 లేదా 14వ తరం ప్రాసెసర్ ఉండి, తాజా బయోస్‌లో, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్‌లలో, ర్యామ్ మూల వేగంలో ఉన్నా ఆటలు మొదలయ్యేటప్పుడు వీడియో మెమరీ చాలదంటూ పడిపోతుంటే, చిప్ అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. మైక్రోకోడ్ కొత్త నష్టాన్ని ఆపుతుంది, జరిగినదాన్ని బాగుచేయదు. ఈ తరాల్లో ఆ సమస్య ఉన్న మోడళ్లకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది, డబ్బాతో కొన్నవాటికి మొత్తం ఐదేళ్లు. బిల్లు వెతికి, డబ్బా మీది సీరియల్ నంబరుతో వారంటీకి దరఖాస్తు పెట్టండి.