వాలుగా తిప్పినా అంచు నల్లబడని అక్షరాలు: పిల్లో లైబ్రరీతో నా అనుభవం

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో బొమ్మలతో పని చేసేవారికి, బొమ్మలను మార్చడానికి వాడే లైబ్రరీ అయిన పిల్లోను పరిచయం చేయనవసరం లేదు. దానిలో బొమ్మను తిప్పే రొటేట్ అనే ఒక్క సౌకర్యం పారదర్శకతను కాపాడే తీరు నాకెందుకు ఇంతగా నచ్చిందో మాత్రమే ఇక్కడ చెబుతాను. శుభలేఖల డిజైన్లలో తెల్లని అక్షరాలను కాస్త వాలుగా తిప్పి ఎర్రటి నేపథ్యంపై అతికించే స్క్రిప్టులలో కొన్నేళ్లుగా దీనినే వాడుతున్నాను.

అంతకుముందు ఇదే పనిని, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా (పిక్సెల్ ఎంత కనిపించాలో చెప్పే అంకె) ఛానెళ్లను దేనికది విడిగా తిప్పే పద్ధతిలో చేసేవాళ్లం. అక్షరాల చుట్టూ వెంట్రుకవాసి నల్లగీత వచ్చేది, ప్రెస్సు యజమాని దానిని చూసి, "ఈ బార్డరు కావాలనే పెట్టారా?" అని అడిగారు. కారణం చిన్నదే. పూర్తిగా పారదర్శకమైన పిక్సెల్‌కు కూడా రంగు అంకెలుంటాయి, అవి తరచు సున్నాలు, అంటే నలుపు. బొమ్మను తిప్పేటప్పుడు పక్కపక్క పిక్సెళ్లను సగం సగం కలిపితే, తెలుపులోని 255, కనిపించని నలుపులోని 0 కలిసి 127 అవుతాయి. ఆల్ఫా కూడా సగానికి వస్తుంది కనుక అక్కడ సగం కనిపించే బూడిదరంగు మిగులుతుంది. కలపడానికి ముందు రంగును ఆల్ఫాతో గుణించి, కలిపిన తరువాత తిరిగి భాగిస్తే తెలుపు తెలుపుగానే ఉంటుంది. ఇలా ముందే గుణించి ఉంచే పద్ధతిని కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు పోర్టర్, డఫ్ 1984లోనే తమ పత్రంలో వివరించారు. పిల్లో ఆ గుణకార భాగహారాలను ఎవరూ అడగకుండానే లోలోపల చేసేస్తుందని సోర్స్ కోడ్ చదివినప్పుడు తెలిసి, నిజంగా సంతోషించాను. ఆర్‌జీబీఏ బొమ్మను, అంటే ఆ నాలుగు ఛానెళ్లూ ఉన్నదానిని, తిప్పినప్పుడు కొత్తగా ఏర్పడే మూలలు కూడా పారదర్శకంగానే వస్తాయి.

అయితే "అడగకుండానే" అన్నమాటను కొంత సవరించుకోవాలి. ఏమీ చెప్పకపోతే రొటేట్ దగ్గరి పిక్సెల్‌ను యథాతథంగా తీసుకుంటుంది కనుక నల్లగీత రాదు గాని అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. నునుపు కావాలంటే, చుట్టుపక్కల పిక్సెళ్లను కలిపి లెక్కించే బైక్యూబిక్ అని, బొమ్మ మూలలు తెగిపోకుండా ఉండాలంటే ఎక్స్‌పాండ్ అని మనమే చెప్పాలి. 256 రంగుల పాలెట్‌తో, అంటే రంగుల పట్టికతో, వచ్చే పీఎన్‌జీలు, జిఫ్‌ల విషయంలో నా ఫిర్యాదు ఇంకొంచెం పెద్దది. వాటికి బైక్యూబిక్ అని చెప్పినా, లైబ్రరీ ఒక్క హెచ్చరికైనా లేకుండా దగ్గరి పిక్సెల్‌ను తీసుకునే పద్ధతికే మారిపోతుంది. మూలలను పాలెట్‌లోని సున్నా స్థానపు రంగుతో నింపుతుంది, పారదర్శక స్థానం వేరే అంకె అయితే ఆ మూలలు రంగుతో బయటపడతాయి. అందుకే ఏ బొమ్మనైనా తెరవగానే ఆర్‌జీబీఏకు మార్చడం మా స్క్రిప్టులలో మొదటి వరుస.

మరొక పరిమితి ఉంది. గుణించిన రంగు కూడా 8 బిట్లలోనే, అంటే 0 నుంచి 255 వరకు పూర్ణాంకాలలోనే, ఉండాలి కనుక, ఆల్ఫా 10 ఉన్నచోట ఒక్కో రంగుకు 11 స్థాయిలే మిగులుతాయి. నా డిజైన్లలో పలుచగా ఉండే నీడలన్నీ నలుపే, ప్రతిసారీ మూల బొమ్మ నుంచే ఒక్కసారి తిప్పుతాను కనుక ఈ నష్టం నాకు కనిపించదు. పలుచని రంగు కాంతులతో పని చేసేవారు గుణకారాన్ని దశాంశ సంఖ్యలలో సొంతంగా చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.