దూరప్రయాణానికి ఏ ఈ-బైక్ మేలు: బాష్ ఎస్‌ఎక్స్, సీఎక్స్ మోటార్ల పోలిక

జర్మన్ కంపెనీ బాష్ 2023లో తెచ్చిన పర్ఫార్మెన్స్ లైన్ ఎస్‌ఎక్స్, ఈ-బైక్‌కు, అంటే పెడళ్లు తొక్కుతుంటే మోటారు సాయపడే సైకిలుకు, అమర్చే తేలికరకం మోటారు. బరువు సుమారు 2 కిలోలు, టార్క్ (తిప్పే బలం) 55 న్యూటన్-మీటర్లు. పూర్తిశక్తి రకమైన సీఎక్స్ 2024లో కొత్త రూపంలో విడుదలైనప్పుడు దాని టార్క్ 85 న్యూటన్-మీటర్లు. అప్పటికి గరిష్ఠశక్తి రెండింటికీ 600 వాట్లే అయినా, ఎస్‌ఎక్స్ ఆ శక్తిని ఇవ్వాలంటే పెడళ్లను బాగా వేగంగా తిప్పాలి. సామానుతో నిటారు దారి ఎక్కుతూ అలసిన కాళ్లకు సాయంత్రం వేళ అది సాధ్యపడదు. సీఎక్స్ మాత్రం నెమ్మదిగా తొక్కినా పైకి లాగుతుంది.

బండి తేలికైతే బ్యాటరీ ఎక్కువ దూరం వస్తుందన్న వాదన లెక్కకు నిలవదు. 80 కిలోల మనిషి 12 కిలోల సామానుతో 18 కిలోల బండి మీద 1000 మీటర్ల ఎత్తు ఎక్కడానికి, రాపిడిని పక్కనపెడితే, సుమారు 300 వాట్-అవర్ల (బ్యాటరీ నిల్వను కొలిచేదీ ఈ కొలమానంతోనే) పని జరగాలి. బండి బరువు 25 కిలోలైతే అది 319 అవుతుంది. ఏడు కిలోల అదనపు బరువుకు పడే మూల్యం 19 వాట్-అవర్లు మాత్రమే కాగా, ఎస్‌ఎక్స్ బళ్లలో సాధారణంగా కనిపించే 400 వాట్-అవర్ల బ్యాటరీకి బదులు సీఎక్స్‌తో 600 లేదా 800 వాట్-అవర్లది దొరుకుతుంది. సీసా పెట్టుకునే చోట 250 వాట్-అవర్ల అదనపు బ్యాటరీని బిగించి ఎస్‌ఎక్స్ లోటును చాలావరకు పూడ్చుకోవచ్చు కానీ, దానికి డబ్బు వేరు, బరువూ వేరు.

తేలికరకం నిజంగా గెలిచేది చదునైన దారిలో. ఐరోపా నిబంధనల ప్రకారం గంటకు 25 కిలోమీటర్లు దాటగానే మోటారు సాయం ఆగిపోతుంది కాబట్టి, జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నాకు డాన్యూబ్ నది వెంట సాగే దారిలో 28, 30 వేగంతో తొక్కగలిగినవారికి పెద్ద మోటారు ఊరికే మోసుకెళ్లే బరువే. రైలు ఎక్కించేటప్పుడు కూడా ఆ ఏడు కిలోల తేడా చేతులకు బాగా తెలుస్తుంది.

అయితే తేలికరకం బళ్లు అనేకం బ్యాటరీని ఫ్రేములోనే బిగించి వస్తాయి. అలాంటప్పుడు బస చేసిన చోట ఛార్జింగ్‌కు బండినంతటినీ ప్లగ్గు దాకా మోసుకుపోవాలి. బరువైన బండికి తాళం వేసి కిందనే ఉంచి, బ్యాటరీని ఊడదీసుకుని గదికి వెళ్లవచ్చు. కొనేముందు దుకాణంలో ఈ ఒక్క సంగతిని తప్పక అడగాలి. (హైదరాబాదుకు విమానంలో తెచ్చుకుందామనుకునేవారికి రెండూ ఒకటే: 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు.)

సంచులు తగిలించుకుని ఆల్ప్స్ కనుమలు దాటేవారికి నా సిఫారసు సీఎక్స్, వీలైతే 800 వాట్-అవర్ల బ్యాటరీతో. సామాను తక్కువగా ఉండి, సొంత కాళ్ల మీదే ఎక్కువ దూరం తొక్కుతూ, ఎత్తు వచ్చినప్పుడే మోటారును పిలిచేవారు ఎస్‌ఎక్స్ తీసుకోవచ్చు. అదనపు బ్యాటరీ ధరను మాత్రం మొదటే లెక్కలో వేసుకోవాలి.