నాలుగు జబ్బులకు నలుగురు డాక్టర్లా, ఒక్కరా: ఏది మేలు?

పండక్కి ఊరొచ్చిన పిల్లలు మందుల షాపులో నన్ను అడిగే మాట ఏటా ఒకటే. "నాన్నకు షుగరు, బీపీ ఎప్పట్నుంచో ఉన్నాయి. ఇప్పుడు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగిందంటున్నారు, మోకాళ్ళు సరేసరి. అన్నీ మన ఊళ్ళో ఫిజీషియన్‌కే చూపిద్దామా, గుంటూరు తీసుకెళ్ళి దేనికి దాని స్పెషలిస్టుకి చూపిద్దామా?" బాగా తెలిసినవాళ్ళయితే, "ఖర్చు సంగతి వదిలెయ్యండి, ఏది మంచిదో చెప్పండి" అని కూడా అంటారు. నేను డాక్టరును కాను, ఫార్మసిస్టును. కానీ నలుగురు డాక్టర్లు రాసిన చీటీలు నాలుగూ ఒక్కచోట చేరేది నా కౌంటరు మీదే.

స్పెషలిస్టుల వైపు బలం తక్కువేం కాదు. గుండెకు స్టెంటు పడినవాళ్ళు, షుగరుతో రెటీనా దెబ్బతిన్నవాళ్ళు, కిడ్నీ ఎంత వడపోస్తుందో చెప్పే ఇజిఎఫ్ఆర్ 30 కిందికి దిగినవాళ్ళు ఆయా డాక్టర్ల దగ్గరకు వెళ్ళి తీరాల్సిందే. పేషెంటు చెయ్యి జారిపోతాడన్న బెంగతో పైకి పంపకుండా తన దగ్గరే ఉంచుకునే ఫిజీషియన్లూ ఉన్నారు. అలాంటివాళ్ళ పేషెంటు నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టరును, చేరేసరికి, డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులా వేసి అది పక్వానికి వచ్చేదాకా ఆగే వ్యవధి కూడా ఉండదు. పైగా పెద్దాస్పత్రిలో ఎకో, స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ ఒక్క పూటలో తేలిపోతాయి.

అయినా నా ఓటు ఒక్క డాక్టరుకే. పెద్ద వయసులో జబ్బులు దేనికది విడిగా రావు, ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకోటి వస్తుంది. నలభై అయిదు, యాభైలో బీపీ, షుగరు మొదలవుతాయి. పదేళ్ళు ఏ బాధా ఉండదు కాబట్టి బిళ్ళలు గుర్తున్నప్పుడు వేసుకుంటారు. ఈలోగా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం మొదలవుతుంది, అదీ మనిషికి తెలియదు. అరవై దాటాక మోకాళ్ళు పట్టేస్తాయి. నడక తగ్గి, బరువు పెరిగి, షుగరు అదుపు తప్పుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మొదలుపెడతారు. వాటితో బీపీ ఎక్కుతుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది. అప్పటికే టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ళా, నీరు పోయే బిళ్ళా వాడుతున్న మనిషికి ఈ నొప్పి బిళ్ళ కూడా తోడైతే మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. కిడ్నీ పాడయ్యాక రక్తం తగ్గుతుంది, ఆయాసం వస్తుంది, భారమంతా గుండె మీద పడుతుంది. ఈ వరసలో ఎముకల డాక్టరు చూసేది మోకాలిని, గుండె డాక్టరు చూసేది చివరి మలుపును. ఇరవయ్యేళ్ళ కథ ఎవరి చీటీలోనూ ఉండదు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న తంటా కాదు. స్కాట్లాండ్‌లో 17 లక్షల మందికి పైగా రోగుల రికార్డులు తిరగేసి 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వేశారు. 65 వచ్చేసరికి ఎక్కువమందికి రెండో అంతకుమించో దీర్ఘకాలిక జబ్బులున్నాయి. పేదలుండే ప్రాంతాల్లో అదే పరిస్థితి 10 నుంచి 15 ఏళ్ళు ముందే వచ్చేసింది. మిర్చి యార్డులో బస్తాలు మోసినవాళ్ళకు యాభైకే డెబ్బై ఏళ్ళవాళ్ళ చీటీలు ఎందుకుంటాయో అది చదివాక నాకు వింతనిపించలేదు.

2005లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఇంకో లెక్క నాకు మరీ నచ్చింది. 79 ఏళ్ళ ఒక పెద్దావిడను ఊహించుకున్నారు. షుగరు, బీపీ, ఎముకల గుల్లతనం, కీళ్ళ అరుగుదల, ఊపిరితిత్తుల జబ్బు, మొత్తం ఐదు. ఒక్కో జబ్బుకు ఉన్న వైద్య మార్గదర్శకాలను తుచ తప్పకుండా పాటిస్తే ఆవిడకు ఎన్ని మందులు రాయాలో లెక్కేశారు. పన్నెండు తేలాయి. ఏ డాక్టరూ తప్పు రాయకపోయినా పన్నెండు!

కాగితం మీద లెక్క అలా ఉంటే, కౌంటరు మీద ఇలా ఉంటుంది. మొన్నామధ్య ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరు తెచ్చి బోర్లించారు. సగం కత్తిరించిన స్ట్రిప్పులు, పేర్లు తెగిపోయినవి, రబ్బరుబ్యాండు చుట్టినవి. అందులో టెల్మిసార్టాన్ రెండు కంపెనీల పేర్లతో రెండుచోట్ల ఉంది.

"బాబాయిగారూ, ఈ రెండూ ఒకే మందండీ."

"అది తెల్లది, ఇది గులాబీ రంగుది కదయ్యా?"

"రంగు వేరు, లోపల మందు ఒకటే."

"ఒకటి గుండె డాక్టరుగారు రాశారు, ఒకటి కిడ్నీ డాక్టరుగారు రాశారు. ఎవర్ని కాదనమంటావు?"

ఆయన అడిగినదాంట్లో అన్యాయం ఏముంది? అదే కవరులో ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ళ ఉంది. దాంతో చీలమండలు వాచడం మామూలే. ఆ వాపు చూసి ఇంకెవరో నీరు పోయే బిళ్ళ ఫ్యూరోసెమైడ్ రాశారు. దాంతో రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం, లేచినప్పుడల్లా కళ్ళు తిరగడం. కళ్ళు తిరుగుతున్నాయని వెర్టిన్ లాంటి బిళ్ళ మొదలైంది. ఒక మందు చేసిన పనిని కొత్త జబ్బనుకుని ఇంకో మందు వేశారన్నమాట. బాత్రూములో జారి తుంటి విరిగితే అది ఐదో జబ్బు, ఐదో డాక్టరు.

షుగరు దగ్గర ఇంకా మోసం ఉంది. కిడ్నీ మందగిస్తే ఒంట్లో ఇన్సులిన్ త్వరగా కరిగిపోదు, ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకని ఎన్నాళ్ళో దిగని షుగరు ఉన్నట్టుండి దిగుతుంది. ఇంట్లోవాళ్ళు "మెంతులు పనిచేశాయి" అని మురిసిపోతారు. షుగరు బిళ్ళ గ్లిమెపిరైడ్ మాత్రం పాత డోసులోనే నడుస్తుంటుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి మనిషి మాట తడబడితే గాని అసలు సంగతి బయటపడదు. షుగరు కాగితం, కిడ్నీ కాగితం ఒకే బల్ల మీద పెట్టి చూసే మనిషి ఉంటే ముందే తెలిసిపోతుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా అనేక జబ్బులున్న పెద్దవాళ్ళకు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బిఎ1సి 8 లోపు ఉంటే చాలంటోంది. డెబ్బై ఎనిమిదేళ్ళాయన్ని ఆరున్నరకు దించాలని పట్టుబట్టే చోట ఆయన పడిపోయే సంగతి ఎవరు పట్టించుకుంటారు?

అలాగని ఏ ఫిజీషియన్ అయినా సరిపోతారని కాదు. మూడు నిమిషాల్లో బీపీ చూసి "అవే కంటిన్యూ" అనేవాళ్ళ కంటే స్పెషలిస్టులే నయం. నేను ఎంచే పద్ధతి చెబుతాను. పాత ఫైలు తిప్పి, పోయినేటి క్రియాటినిన్ పక్కన ఈ ఏటిది పెట్టి చూస్తారా? షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్ళల గురించి, ఆయుర్వేదం పొడుల గురించి అడుగుతారా? ఏడాదికోసారైనా మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష రాస్తారా? అరికాళ్ళు మంటలంటే నేరుగా నరాల నొప్పి బిళ్ళ ప్రీగాబాలిన్ రాసేయకుండా, ఇన్నేళ్ళుగా వాడే షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్ వల్ల విటమిన్ బి12 తగ్గిందేమోనని చూస్తారా? అన్నిటికంటే ముఖ్యం, చీటీలోంచి ఒక మందు కొట్టేసే ధైర్యం ఉందా? మందు రాసేవాళ్ళు ఎందరో. కొట్టేసేవాళ్ళు దొరికితే వదులుకోవద్దు, క్లినిక్‌లో ఏసీ లేకపోయినా సరే.

జెరియాట్రిక్స్, అంటే పెద్దవయసు వాళ్ళ వైద్యం చదివిన డాక్టరు దొరికితే ఈ చర్చే అక్కర్లేదు. ఈ కోర్సు మన దేశంలో 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో మొదలైంది. కానీ జిల్లా ఊళ్ళలో ఆ బోర్డు కనపడటం అరుదు. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీ ఏడాదికో ఫొటో లాంటిది. నిరుటి ఫొటో పక్కన పెట్టి చూసేవాళ్ళుంటే దానికి విలువ. 104 బండి, బస్తీ దవాఖానా బీపీ, షుగరు బిళ్ళలు తెచ్చుకోవడానికి బాగానే ఉంటాయి.

నేనైతే ఇలా చేస్తాను. ఊళ్ళో ఒక ఫిజీషియన్‌ను పట్టుకుని ఫైలు ఆయన దగ్గరే నడిపిస్తాను. కళ్ళకు ఏడాదికోసారి, గుండెకో కిడ్నీకో అవసరాన్నిబట్టి స్పెషలిస్టు దగ్గరకు వెళ్ళి, వాళ్ళు రాసిన చీటీ షాపుకు తీసుకెళ్ళేముందు ఈయనకు చూపిస్తాను. మా షాపుకు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా పర్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఫిజీషియన్ మాట ఒక్కటే చాలదు. స్టెంటు వేసి ఏడాది కాకుండా రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపమని ఎవరన్నా, పంటి డాక్టరైనా సరే, ముందు ఆ స్టెంటు వేసిన గుండె డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఆ రెండూ వాడినన్నాళ్ళు నొప్పి బిళ్ళ అడిగి కొనుక్కోకండి, కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. మా షాపులో అయితే అడిగినా ఇవ్వను.