ప్రోగ్రామర్ వైరు: జంపర్లా, రిబ్బన్ కేబులా, పోగో పిన్నులా?

"అన్నా, నిన్న ఎక్కిన కోడు ఈ పొద్దు ఎక్కలేదు. చిప్పు పోయినట్టుంది." తిరుపతిలో బోరు మోటారు స్టార్టర్ బోర్డులు చేసే చిన్న వర్క్‌షాపుల్లో గానీ, ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు ల్యాబుల్లో గానీ ఈ మాట వినబడని వారం ఉండదు. చిప్పు పోవడం అరుదు. పోయేది ఎక్కువగా ప్రోగ్రామర్‌కీ (కంప్యూటర్ నుంచి చిప్పులోకి కోడు ఎక్కించే చిన్న పరికరం) బోర్డుకీ మధ్యలో ఉన్న వైరే. కాబట్టి చిప్పు పీకే ముందు వైరు మార్చి చూడాలి. దేనితో మార్చాలన్నదే అసలు సంగతి.

జంపర్ వైర్లు ఎవరి దగ్గర చూసినా ఉంటాయి. ఎస్‌టీ-లింక్ అనే ప్రోగ్రామర్‌కి నకలు, అంటే క్లోన్, కొంటే నాలుగు దాంతోపాటే వస్తాయి. పిన్నుల వరుస ఎట్లా ఉన్నా కలుపుకోవచ్చు, అది ఒప్పుకోవాలి. కానీ వైరు కొసన ఉన్న నల్ల ప్లాస్టిక్ గూడు లోపల ఉండేది పల్చటి రేకు స్ప్రింగు. 0.64 మిల్లీమీటర్ల చదరపు పిన్నుకు సరిపోయేలా చేసినది. ఎవరో మల్టీమీటర్ మొన దూర్చారంటే అది విచ్చుకుపోతుంది. తర్వాత మామూలు పిన్ను పెడితే తగిలినట్టే ఉంటుంది, బోర్డు ఇటు జరపగానే కనెక్షన్ పోతుంది. పిన్నుకు తగిలించి తలకిందులుగా పట్టుకోండి. జారి పడిందా, ఆ వైరు చెత్తబుట్టలోకే. వైరు మధ్య భాగానికి అయస్కాంతం కూడా ఆనించి చూడండి. అంటుకుంటే లోపలున్నది రాగి పూత పూసిన ఉక్కు.

ఈ క్లోన్లతో ఇంకో తంటా ఉంది. డబ్బా మీద అచ్చేసిన పిన్నుల వరుసా, లోపలి బోర్డు మీద ఉన్న వరుసా ఒకటే అని నమ్మకం లేదు. రేకు డబ్బా జరిపి, బోర్డు మీద రాసింది చూసి కలపడం మంచిది.

నా ఓటు రిబ్బన్ కేబుల్‌కి (పక్కపక్కనే అతికిన తీగల పట్టీ), బోర్డు మీద దాన్ని తగిలించే గాడి ఉన్న బాక్స్ హెడర్‌కి (చుట్టూ ప్లాస్టిక్ గోడ ఉన్న పిన్నుల వరుస). గాడి ఉంటే తిరగేసి పెట్టలేం. గాడి లేని 6 పిన్నుల ఏవీఆర్ (ఒక చిప్పుల కుటుంబం) హెడర్‌ని తిరగేసి పెడితే వీసీసీ (కరెంటు ఇచ్చే తీగ) వెళ్లి రీసెట్ మీద, మీసో (చిప్పు నుంచి డేటా వచ్చే తీగ) వెళ్లి గ్రౌండ్ మీద కూర్చుంటాయి. 6 పిన్నుల కంటే 10 పిన్నులది ఎందుకు మేలో రిబ్బన్‌ని విప్పి చూస్తే తెలుస్తుంది. పది తీగల్లో 7వది క్లాక్ (డేటా వేగాన్ని నడిపే సిగ్నల్), 9వది మీసో. నడుమ 8వది గ్రౌండ్, గోడలా నిలబడుతుంది. 6 పిన్నుల దాంట్లో 3వది క్లాక్, 4వది మోసీ (చిప్పులోకి డేటా వెళ్లే తీగ), పక్కపక్కనే. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ఒకదాని సిగ్నల్ ఇంకోదాన్ని గిల్లుతుంది. జానెడు పొడవు చాలు, మూరెడు ఎందుకు?

రిబ్బన్ చెడేది సాధారణంగా మన చేతిలోనే. కనెక్టర్‌ని పట్టుకోకుండా తీగ పట్టి లాగితే చివరి తీగ ముందు తెగుతుంది. కనెక్టర్ పైన క్లిప్పులా వచ్చే మూడో ముక్కని చాలామంది వేయరు. లాగుడు బరువు తీగల కొసల మీద పడకుండా ఆపేది అదే. కనెక్టర్‌ని రిబ్బన్ మీద నొక్కి బిగించేటప్పుడు కటింగ్ ప్లేయర్ వద్దు, బెంచ్ వైస్‌లో పెట్టి సమంగా బిగించండి. ఒకసారి నొక్కిన కనెక్టర్ ఊడదీసి మళ్లీ వాడొద్దు.

ఆర్మ్ (ఇంకో రకం చిప్పులు) బోర్డుల మీద వచ్చే 1.27 మిల్లీమీటర్ల సన్న కనెక్టర్ సంగతి వేరు. చోటు కలిసొస్తుంది, కానీ ఏటవాలుగా లాగితే పిన్ను వంగుతుంది. బోర్డు మనమే గీస్తుంటే, చోటు ఉంటే, 2.54దే పెట్టుకోండి. వైరు పోయినా స్పేర్ ఊళ్లోనే దొరుకుతుంది, చెన్నై రిచీ స్ట్రీట్ దాకా పోనక్కర్లేదు.

ఇక పోగో పిన్నులు, అంటే లోపల స్ప్రింగు ఉండి నొక్కితే లోపలికి పోయే పిన్నులు. బోర్డు మీద కనెక్టరే అక్కర్లేదు, రాగి ప్యాడ్లు చాలు. ట్యాగ్-కనెక్ట్ కేబుల్ ఈ పద్ధతిలో తయారైనదే. బోర్డుకి ఖర్చు సున్నా, కేబుల్ మాత్రం వేలల్లో. రేణిగుంట, శ్రీసిటీ వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో పనిచేసిన పిల్లలకి టెస్ట్ జిగ్గు (బోర్డుని నొక్కిపట్టి పరీక్షించే అచ్చు) కొత్తేమీ కాదు, సూత్రం అదే. ఇంట్లో చేసుకోవాలంటే పి75 రకం పోగో పిన్నులు కొని, రెండు పెర్ఫ్ బోర్డు (చిల్లుల బోర్డు) ముక్కల్ని కాస్త ఎడంగా పెట్టి, రెండింట్లోంచీ దూర్చి సోల్డర్ చేస్తే నిటారుగా నిలబడతాయి. ఒకే ముక్కలో గుచ్చితే అన్నీ తలో దిక్కు చూస్తాయి. ప్యాడ్ల మీద సోల్డరింగ్ ఫ్లక్స్ జిగురు మిగిలితే మొన తగలదు, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తో తుడవాలి.

నెలకు నాలుగు బోర్డులు చేసేవాళ్లకి ఇదంతా అనవసరం, రిబ్బన్ చాలు. వందల్లో పోయేటప్పుడు ఒక్కో బోర్డుకీ హెడర్ సోల్డర్ చేయడం దండగ, అప్పుడు పోగో. జంపర్లు బ్రెడ్‌బోర్డు మీద ప్రయత్నాలకి ఉంచుకోండి.

ఎర్రర్ వచ్చినప్పుడల్లా తప్పు వైరుదే అనుకోకండి. కొత్త ఏటీమెగా328పీ అనే ఏవీఆర్ చిప్పు ఫ్యాక్టరీ సెట్టింగ్‌తో 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామర్ క్లాక్ దానిలో నాలుగో వంతు, అంటే 250 కిలోహెర్ట్జ్, దాటకూడదు. కోడు ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఏవీఆర్‌డ్యూడ్‌లో 'మైనస్ బీ' ఆప్షన్‌తో వేగం తగ్గించి చూడండి. ప్రతిసారీ ఎక్కితే తప్పు వేగానిది. ఒకసారి ఎక్కి ఒకసారి ఎక్కకపోతే, వైరు ఆడించినప్పుడు మారితే, మళ్లీ వైరు దగ్గరికే రావాలి.