నేటాల్ ఓడల జాబితా: కొన్నేళ్లు వాడాక నా మాట

మా ముత్తాత తమ్ముడు "రంగం పోయాడు" అనే మా ఇంట్లో చెప్పుకునేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఉత్తరాంధ్రలో ఊరొదిలి తిరిగిరాని వాళ్లంతా రంగం పోయినట్టే లెక్క. ఆయన దిగింది రంగూన్‌లో కాదు, డర్బన్‌లో. ఆ సంగతి తేల్చింది నేటాల్ ఓడల జాబితా, అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న నేటాల్‌కి కూలీలుగా ఓడల్లో వెళ్లిన మనవాళ్ల రిజిస్టరు. మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న అక్కడికి చేరింది. అప్పట్నుంచి 1911లో ఈ వలస ఆగేదాకా ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లిన కూలీలు 1,52,000 పైమాటే. చెరకు తోటలకు పోయినా, రైల్వేకి, బొగ్గు గనులకు పోయినా, దిగిన ప్రతి మనిషికీ ఓ నంబరు ఇచ్చి రిజిస్టర్లో రాశారు.

వరసలో ఏముంటాయంటే: నంబరు, ఓడ, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. మావాడికి ఎడమ మోకాలి కింద మచ్చ ఉందట. ఫొటో కూడా లేని మనిషి గురించి అది చదువుతుంటే కాసేపు చెయ్యి ఆడలేదు.

ఇక లోటుపాట్లు. ఇంటిపేరు గడి లేదు. మన వంశాలు వెతకాలంటే ఇంటిపేరే కదా పట్టు, అది లేకపోతే సగం దారి మూసుకుపోయినట్టే. పైగా సింహాద్రి అప్పన్న పుణ్యమా అని విశాఖ జిల్లా అప్పలస్వాములు లెక్కకు మించి ఉన్నారు, అదీ గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసిన పేర్లతో. అందుకని మనిషి పేరుతో వెతకడం మానేసి ఊరు, తండ్రి పేరు జతగా పట్టుకోండి. ఊరి పేరు కూడా మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టండి. కులం గడిని మాత్రం నేను పెద్దగా నమ్మను. చేర్చుకునేవాడి ముందు ఏది చెబితే పని దొరుకుతుందో అదే చెప్పినవాళ్లు ఉంటారు.

అందరూ తడబడే చోటు జిల్లా. ఇప్పటి మ్యాపు పక్కన పెట్టేయండి. శ్రీకాకుళం వాళ్లని గంజాం కింద చూడాలి, ఒరిస్సా ఏర్పడిన 1936 దాకా చికాకోల్ (శ్రీకాకుళం పాత పేరు) తాలూకా అందులోదే. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. కాబట్టి చంద్రగిరి, పలమనేరు మనుషులు ఉత్తర ఆర్కాడులో ఉంటారు, తమిళుల జాబితా అనుకుని దాటేయకండి. గుంటూరుకి 1904 ముందు కృష్ణా, నెల్లూరు రెండూ చూసుకోవాలి.

అసలు విలువ నంబరుది. పేరు ప్రతి కాగితంలో ఒకలా మారుతుంది, నంబరు మారదు. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల నాయర్స్ (NAAIRS) అనే ఇండెక్సులో పీటర్‌మారిట్జ్‌బర్గ్ భాండాగారాన్ని ఎంచుకుని ఆ నంబరు కొడితే, వలస శాఖకు చేరిన ఫిర్యాదులు, అర్జీలు ఒక్కోసారి బయటపడతాయి. అందులో ఒక వాక్యం సారాంశమే ఉంటుంది, అసలు కాగితం విడిగా తెప్పించుకోవాలి. విదేశాల్లోని భారత సంతతికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు కోసం అర్జీ పెట్టే అక్కడి తెలుగువాళ్లు కూడా ఈ నంబరు కోసమే తిరుగుతుంటారు.

ఆస్తి వదిలిపోయిన మనిషైతే మీ పంట పండినట్టే. పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఎస్టేట్ ఫైళ్లు (చనిపోయినవారి ఆస్తి కాగితాలు) ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో డెత్ నోటీసు అనే ఫారం ముందు చూడండి. మావాడి ఫారంలో పుట్టిన ఊరి దగ్గర ఉత్త "ఇండియా" అని, తల్లి పేరు దగ్గర "తెలియదు" అని ఉంది. నిరుత్సాహపడబోతుండగా కింద పిల్లల పేర్లు కనిపించాయి, పెళ్లయిన కూతుళ్ల పక్కన అల్లుళ్ల పేర్లతో సహా. అక్కడ చాలా కుటుంబాల్లో తండ్రి పేరో, నాయుడు, రెడ్డి లాంటి బిరుదో ఇంటిపేరుగా స్థిరపడింది. అందుకే ఇప్పటి వారసుల్ని వెతికేటప్పుడు మన ఇంటిపేరు కాదు, వెళ్లినాయన పేరు వాడాలి.

ఇటువైపు పని మాత్రం కష్టం. ఊరు తెలిసింది కదా, పాత అడంగల్ తీయిద్దాం అని తహసీల్దార్ ఆఫీసుకి పోతే, మాది విజయనగరం జమీందారీ గ్రామం. అలాంటి ఊళ్లకి రైతువారీ సెటిల్‌మెంట్, అంటే సర్కారు నేరుగా రైతు పేర భూమి రాయడం, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగింది. ఆ సెటిల్‌మెంట్‌లో తయారైన అడంగల్, అదే ఎస్‌ఎఫ్‌ఏలో మా తాత తరం పేర్లు ఉన్నాయి, అంతకు వెనక్కి పోదు. అక్కణ్నుంచి మా పెద్దమ్మ జ్ఞాపకమే దిక్కయింది. తద్దినాల్లో చెప్పే పేర్లు మూడు తరాల దాకా ఆవిడకి నోటికి వచ్చు, ఓడ కాగితంలోని తండ్రి పేరు వాటితో సరిపోయింది.

నా మార్కులు ఐదుకి నాలుగు. మీవాళ్లు నిజంగా రంగమే పోయి ఉంటే ఇక్కడ సమయం పెట్టకండి. అక్కడికి కూలీల్ని పోగేసే మేస్త్రీల వెంట పోయినవాళ్లే ఎక్కువ, మనిషి మనిషికీ ఇలా రాసిన రిజిస్టరు ఉండదు. మారిషస్ అయితే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి రాయండి, వలస రికార్డులు అక్కడున్నాయి, కొందరికి ఫొటోలతో సహా.